రాతిమీది నిధి

పాడువడిన గోరీలక్రింద బంగారు బిందెలు గలవని నమ్మువారు మన దేశమున నేటికిని గలరు. అట్టివారు రాత్రివేళ గడ్డపారలతో బోయి, పురాతన సమాధులను పెల్లగించి, చెక్కడపు పలకలను పగులగొట్టి, తుదకు వట్టిచేతులతో మరలివత్తురు. విద్యావంతులకును ఈ భ్రమ తప్పుట లేదు. 2012వ సంవత్సరమున హైదరాబాదులోని విద్యారణ్య పాఠశాల యావరణమున పూర్వపు ధనరాశి గలదను మాట వ్యాపింపగా, పురావస్తు శాఖవారే త్రవ్వకములు సాగించిరి. ధనము మాత్రము కానరాలేదు.

సోదరీమణులారా! నిధి లేదని మేము చెప్పబోము. అది మంటిక్రింద గాక రాతిపై నున్నదని మాత్రమే మా మనవి. పాత చర్చీలయందును, సమాధిస్థలములయందును చెక్కబడిన పేర్లు, తేదీలు, గుర్తులే యా నిధి. సెలవులలో దీనిని వెదకుట యొక యాటగా నేర్పినచో, బిడ్డలకు వినోదమును, చరిత్రజ్ఞానమును ఒక్కమారే లభించును.

ఉస్మాన్‌గంజ్ వంటి వర్తకపు పేటలో బస్తాలకును బండ్లకును ఉన్నంత చోటు బిడ్డల యాటలకు లేదు. అయినను అచ్చటినుండి ఆబిడ్సు, గన్‌ఫౌండ్రీ, కోఠీ దూరములు కావు. ఆటకు కావలసినవి కొన్ని చీటీలు, ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు. ఒక్కొక్క చీటీపై నొక్కొక్క పొడుపుకథ వ్రాయవలెను. దానిని విప్పిన బిడ్డకే తరువాతి చోటు తెలియును.

“అంగడి పోయె, వర్తకుడు పోయె, పేరుమాత్రము వీధినిండ నిలిచె” — ఇది ఆబిడ్సు. ఆరవ నిజాము కొలువున నుండిన అల్బర్టు ఆబిదు అను ఆర్మీనియా దేశీయుని దుకాణమువలన వచ్చిన పేరిది. “నిప్పు గ్రక్కు బిడ్డలను గన్న యిల్లు” — ఇది 1786లో ఫిరంగులు పోయుటకు రేమండను ఫ్రెంచి సేనాని నెలకొల్పిన తోప్ కా సాంచా. “నోరు క్రిందికి, నాలుక లోపలికి, కదిపినగాని పలుకదు” — ఇది గంట. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ చర్చి గోపురములకడ బిడ్డలు దీనిని విప్పుదురు.

ఈ రేమండు 1798 మార్చి 25వ తేదీన మరణించెను. మలకుపేటకావల గుట్టపై నాతని సమాధి గలదు. “ఒక్క గోరీకి మూడు పేర్లు” అని చీటీ వ్రాయవచ్చును. హిందువులాతనిని మూసా రాము అనియు, మహమ్మదీయులు మూసా రహీము అనియు బిలిచి, యేటేట నచ్చట గుమిగూడుచుండిరి. ఆ రాతికట్టడము 2001లో కూలిపోగా, పిమ్మట తిరిగి కట్టిరి.

కోఠీ చీటీ యన్నిటికంటె కఠినము: “కట్టించినవాడు పూర్తియగుట చూడలేదు.” అది రెసిడెన్సీ భవనము. దానిని కట్టించిన జేమ్సు కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో మరణించెను. ఆవరణములోని చిన్న సమాధిస్థలమున బిడ్డలెంత వెదకినను ఆతని గోరీ దొరకదు. అప్పుడు తల్లి చెప్పవలసిన కథ యొకటి గలదు. ఆతని భార్య ఖైరున్నిసా బేగము. పరదాచాటున నున్న యామె భవనపు ముంగిటి యందమును చూచుటకై, తోటలో భవనపు చిన్న నమూనాను కట్టించి యిచ్చెనని చెప్పుదురు. నాలుగేండ్ల కుమారుని, మూడేండ్ల కుమార్తెను 1805లోనే సీమకు బంపిరి. ఆ తల్లి మరల వారిని చూడలేదు. ముప్పదియేండ్లయిన నిండకయే 1813లో గతించినది. ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట, కుమార్తె కిట్టీకిని హైదరాబాదులోని యమ్మమ్మకును ఉత్తరములు నడచెను. ఆ యుత్తరములను మించిన నిధి యే గోరీక్రింద దొరకును? ఆ భవనమునకే 1949లో మహిళా కళాశాల తరలివచ్చెను. 2022లో నది విశ్వవిద్యాలయమై, నేడు చాకలి ఐలమ్మ పేర వెలయుచున్నది.

“శ్మశానమునకా బిడ్డలను దీసికొనిపోవుట!” యని యింటి పెద్దలు శంకింతురు. పట్టపగలు పోయి, మరలివచ్చి స్నానము చేసినచో నాచారమునకు లోపము లేదు. ముందుగా నావరణపు యధికారుల యనుమతి గొనవలెను. గోరీలపై నెక్కరాదు, పూలు కోయరాదు, ప్రార్థనవేళ సందడి చేయరాదు. చెరిగిన యక్షరములను సుద్దతోగాని, మేకుతోగాని దిద్దరాదు. తీవ్రమైన మందులతో కడుగరాదు. వానివలన రాయి పెచ్చులూడును. ఉదయమునగాని సాయంకాలమునగాని ప్రక్కనుండి యెండ పడునపుడు అక్షరములు నీడ దేలి తామే కనబడును. ఎండ చాలనిచో నొక చిన్న యద్దముతో వెలుతురును ప్రక్కనుండి ప్రసరింపజేయవచ్చును.

చదివినదానిని చదివినట్లే నోటుపుస్తకమున నెక్కింపవలెను. ఇదియే యాటకు ప్రాణము. ఇట్టి సమాధిస్థలములలో పసికందుల గోరీలును, చిన్ననాటనే పోయిన యిల్లాండ్ర గోరీలును తరచుగ గానవచ్చును. వారి బంధువులు సముద్రముల కావల నుండిరి. దీపము పెట్టువారు లేరు. వానకును ఎండకును ఏటేట నొక్కొక్క యక్షరము రాలిపోవుచున్నది. ఉంగరము జారిపోయినంతనే శకుంతల యెవరో రాజునకు తెలియకపోయెను గదా! పలకపై పేరు రాలిపోయినచో వీరెవరో చెప్పువారుండరు.

ఎక్కువ పేర్లు తప్పులేక వ్రాసికొన్న బిడ్డకు నువ్వులుండయో, జామపండో బహుమానముగ నీయుడు. ఆ నోటుపుస్తకమును మాత్రము పారవేయక, తేదీ వేసి పెట్టెలో భద్రపరచుడు.