ముందు గ్లూకోజ్, తర్వాతే లాక్టోజ్

పన్నెండో తరగతి జీవశాస్త్రం చదివే మన పిల్లలు లాక్ ఆపరాన్ బొమ్మను కంఠతా పట్టేస్తారు. ఐ, పి, ఓ, జెడ్, వై, ఏ అని గడులు గీసి, మార్కులు తెచ్చుకుని మరిచిపోతారు. తెలుగు చెప్పే నాకు ఈ గొడవెందుకంటారా? ఆ గడుల వెనక మంచి కథ ఉంది.

1940ల ఆరంభంలో పారిస్ జర్మన్ సేనల చేతుల్లో ఉంది. అక్కడ జాక్ మోనో అనే శాస్త్రవేత్త బాక్టీరియాకు రెండేసి చక్కెరలు కలిపి పెట్టి, ఎలా పెరుగుతుందో చూస్తున్నాడు. మన పేగుల్లో ఉండే ఇ. కోలైకి గ్లూకోజ్, లాక్టోజ్ కలిపి ఇస్తే అది చకచకా పెరిగి, కాసేపు ఆగి, మళ్ళీ పెరుగుతుంది. ముందు గ్లూకోజ్ అంతా తినేస్తుంది. ఆగిన ఆ కాసేపట్లో లాక్టోజ్ తినడానికి సరంజామా సిద్ధం చేసుకుంటుంది. ఇంట్లో వండిన అన్నం ఉండగా వడ్లు దంచేవారెవరు?

పాలలోని లాక్టోజ్ రెండు చిన్న చక్కెరల జంట. దాన్ని విడగొట్టడానికి బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము, కణంలోకి తేవడానికి పెర్మియేజ్ అనే ద్వారం కావాలి. అవసరం లేనప్పుడు వీటిని తయారుచేయడం శక్తి దండగ. అందుకే రెప్రెసర్ అనే ప్రోటీన్ ఆ జన్యువుల ముందు డీఎన్ఏ మీద కూర్చుని దారి మూసేస్తుంది. లాక్టోజ్ లోపలికి వస్తే అందులో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి రెప్రెసర్‌ను పట్టుకుంటుంది. దాంతో రెప్రెసర్ ఆకారం మారి, పట్టు వదులుతుంది. ఎంజైము సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. ద్వారం లేనిదే లాక్టోజ్ లోపలికి రాదు, లాక్టోజ్ రానిదే ద్వారం తయారు కాదు. మరి మొదటి లాక్టోజ్ ఎలా వచ్చింది? పైగా దాన్ని అల్లోలాక్టోజ్‌గా మార్చేదీ ఆ బీటా గెలాక్టోసిడేజే! జవాబేమిటంటే, ఆ తాళం ఎప్పుడూ పూర్తిగా పడదు. రెప్రెసర్ అప్పుడప్పుడు డీఎన్ఏను వదిలి పక్కకు జరుగుతుంది. ఆ సందులో ద్వారాలు, ఎంజైములు కొద్దిగా తయారవుతుంటాయి. మొదలుపెట్టడానికి అవి చాలు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికీ అందమైన చోటు ఇదే.

గ్లూకోజ్ ఉంటే మాత్రం లాక్టోజ్ ఎంత ఉన్నా పని మందకొడిగానే సాగుతుంది. గ్లూకోజ్ తగ్గాకే కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరిగి, మరో ప్రోటీన్‌తో కలిసి ఆ జన్యువులను జోరుగా నడిపిస్తుంది.

మోనో, ఫ్రాన్స్వా జాకబ్ కలిసి 1961లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించారు. జాకబ్ యుద్ధంలో గాయపడి, సర్జన్ కావాలన్న ఆశ వదులుకున్న మనిషి. అప్పటికి రెప్రెసర్‌ను ఎవరూ వేరుచేసి చూడలేదు. మార్పు చెందిన బాక్టీరియాల తీరును బట్టి ఊహించారంతే. అది ఆర్ఎన్ఏ కావచ్చని కూడా అనుకున్నారు. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో పాటు వారిద్దరికీ నోబెల్ వచ్చింది. రెప్రెసర్ ప్రోటీనేనని తేలింది మాత్రం మరుసటి ఏడాది, హార్వర్డ్‌లో గిల్బర్ట్, ముల్లర్ హిల్ దాన్ని వేరుచేసినప్పుడు.

1978లో ఇ. కోలై చేత మానవ ఇన్సులిన్ చేయించినవారు, ఆ జన్యువులను తెచ్చి అతికించింది ఈ బీటా గెలాక్టోసిడేజ్ జన్యువుకే.