‘నాకు నా కళ్ళున్నాయి అమ్మాయ్!’

“ఆయనకి ఎంత చెప్పినా అంతేనండీ, మారడు.”

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ మాట మీరూ వినుంటారు. ప్రతి ఆఫీసులో, ప్రతి షాపులో ఇలా పేరుపడ్డ మనిషి ఒకరుంటారు. పాతికేళ్ళకే టీమ్ లీడో సూపర్‌వైజరో అయినవాళ్ళకి అసలు పరీక్ష అక్కడే. పని మనకొచ్చు. కానీ మనకన్నా పాతికేళ్ళు పెద్దాయన చేత అదే పనిని కొత్త పద్ధతిలో చేయించడం ఏ కాలేజీలోనూ నేర్పరు.

నేను బీఫార్మసీ చదివి విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ గోదాములో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మెడికల్ షాపుల నుంచి ఆర్డర్లు వస్తాయి. మా వాళ్ళు ర్యాకుల్లోంచి స్ట్రిప్పులు, సీసాలు తీసి, ప్యాక్ చేసి, బిల్లు పెట్టి పంపిస్తారు. వినడానికి సులువే! కానీ ఒకే మందు మూడు నాలుగు బ్యాచుల్లో ఉంటుంది. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో ఎక్స్‌పైరీ. ముందు గడువు తీరేది ముందు బయటికి వెళ్ళాలి. లేదంటే ర్యాకు వెనకాల పెట్టెలు అలాగే ఉండిపోయి నష్టం కింద పోతాయి. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. గడువు దాటిన స్ట్రిప్పు ఎవరూ చూసుకోకుండా షాపుకి, అక్కడి నుంచి ఎవరింటికో చేరడం.

అందుకే మా ఓనర్ స్కానర్లు తెప్పించారు. పెట్టె మీది కోడ్‌ని స్కాన్ చేస్తే ఏ బ్యాచ్ తీయాలో చెబుతుంది. తప్పు బ్యాచ్ తీస్తే కీచుమని అరుస్తుంది. తొమ్మిది మంది ప్యాకర్లలో ఎనిమిది మంది పది రోజుల్లో అలవాటుపడ్డారు. తొమ్మిదో ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ఆయన్ని గోదాములో అందరూ బాబాయ్ అంటారు. నేనూ అంతే. 22 ఏళ్ళ సర్వీసు. ఏ మందు ఏ ర్యాకులో ఏ అరలో ఉందో కూర్చున్నచోటు నుంచే చెబుతారు. స్కానర్ చేతికిస్తే బల్ల మీద బోర్లా పెట్టేసి, “నువ్వు కానీ అమ్మాయ్, నాకు నా కళ్ళున్నాయి” అనేవారు. ఓనర్ రెండుసార్లు అందరి ముందూ కేకలేశారు. ఆయన ఇంకా బిగుసుకున్నారు. చివరికి ఓనర్ నన్ను పిలిచి, “నెలాఖరుకల్లా దారికి రావాలి. లేకపోతే లెక్క చూసి పంపించేద్దాం” అన్నారు.

50 దాటిన మనిషి, ఇంట్లో ఇంటర్ చదివే కూతురు, 22 ఏళ్ళుగా ఒకే గోదాము. ఇంకోచోట పని కోసం వెళితే ఆయన్ని మొదట అడిగేది కూడా ‘స్కానర్ వచ్చా?’ అనే.

పైజమా ఫ్యాక్టరీ కథ

‘మాట వినని ఉద్యోగి’ సమస్య మన తరంతో మొదలైంది కాదు. దీని గురించి చదువుతుంటే నాకు దొరికిన వాటిలో బాగా నచ్చింది ఒక కుట్టు ఫ్యాక్టరీ కథ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మేరియన్ అనే ఊళ్ళో హార్‌వుడ్ కంపెనీ పైజమాలు కుట్టేది. ఎన్ని ముక్కలు చేస్తే అంత డబ్బు. పని పద్ధతి మార్చినప్పుడల్లా పనివాళ్ళలో గొణుగుడు, పని తగ్గడం, మానేసి వెళ్ళిపోవడం. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ ఒక ప్రయోగం చేసి 1948లో ప్రచురించారు.

ఒక గుంపుని కూర్చోబెట్టి ‘ఇదిగో కొత్త పద్ధతి, ఇదిగో కొత్త రేటు’ అని వివరించి పంపేశారు. మన ఆఫీసుల్లో జరిగే ట్రైనింగ్ సెషన్ లాగే అన్నమాట. ఇంకొన్ని గుంపుల్లో మాత్రం మార్పు ఎందుకో చెప్పి, పద్ధతిని ఎలా మార్చాలో పనివాళ్ళతోనే కలిసి తేల్చారు. మొదటి గుంపులో పని పడిపోయింది, మళ్ళీ లేవలేదు. 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. అందరినీ కలుపుకున్న గుంపుల్లో ఒక్కరూ మానలేదు. పని త్వరగా కోలుకుని, మార్పుకి ముందున్న దానికన్నా 14 శాతం దాకా పెరిగింది.

అసలు విశేషం ఇది కూడా కాదు. మొదటి గుంపులో మిగిలిన 13 మందిని కొన్నాళ్ళ తర్వాత ఇంకో పనికి మార్చారు. ఈసారి వాళ్ళని కలుపుకునే చేశారు. వాళ్ళూ త్వరగా అందుకున్నారు! మనుషులు వాళ్ళే. ‘మొండివాళ్ళు’ అని పేరు తెచ్చుకున్నదీ వాళ్ళే.

‘ఎందుకు’ అని అడగలేదు

ఇంగ్లిష్‌లో ‘వై’ అనేది మామూలు ప్రశ్న. తెలుగులో “ఎందుకు చేయట్లేదు?” అంటే ప్రశ్నలా ఉండదు, పంతులు బెత్తం పట్టుకున్నట్టుంటుంది. ఎవరైనా వెంటనే సాకు వెతుక్కుంటారు. అందుకే నేను ఇంకోలా అడిగాను. మధ్యాహ్నం క్యారేజీలు సర్దుకుని మిగతావాళ్ళు వెళ్ళాక, “స్కానర్ వాడితే మీకు వచ్చే నష్టం ఏంటి బాబాయ్?” అన్నాను. ఆయన నా మొహం కేసి చూసి, “నష్టమేముందమ్మా” అని లేచి వెళ్ళిపోయారు.

రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు ఆయనే మొదలుపెట్టారు.

“నాలుగేళ్ళ కింద స్టాకు లెక్క చూస్తే తక్కువొచ్చింది. ఆ ర్యాకు నాది. మూడు వేలు కోశారు. తీసింది నేను కాదంటే ఎవరూ వినలేదు. అప్పటి నుంచి ప్రతి చిట్టీ మీద నేను తీసింది నా చేత్తో రాసి సంతకం పెడతా. నా చేతిరాత నాకు సాక్ష్యం. ఈ మిషన్లో నా పేరు నొక్కి వదిలేస్తే, నేను టీకి వెళ్ళినప్పుడు ఎవడైనా వాడొచ్చు. రేపు తక్కువొస్తే ఎవరి జీతం కోస్తారు?”

వెళ్ళి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కుర్రాళ్ళు ఉదయం ఎవరి పేరుతోనో లాగిన్ అయి, సాయంత్రం దాకా ఆ మిషన్‌నే చేతులు మార్చుకుంటున్నారు. పది రోజుల్లో ‘అలవాటుపడ్డ’ ఎనిమిది మందికీ తట్టని లోపం, మారడని ముద్రపడ్డ మనిషికి మొదటి రోజే కనిపించింది.

ఇంకో సంగతి ఆయన చెప్పలేదు, నాకే అర్థమైంది. ఆయనకి చత్వారం. అద్దాలు ఇంట్లో వదిలేసి వస్తారు. పెట్టెల మీది రంగులూ, అరలూ గుర్తే కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. స్కానర్ తెర మీద అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. ఈ మాట ఆయనతో అనలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తొమ్మిది మిషన్లలోనూ అక్షరాలు పెద్దవి చేసేశాను. ఒక్క ఆయన మిషన్‌లోనే చేసుంటే, దాని మీద సాయంత్రానికి ఒక జోకు పుట్టేది.

రెండో మొండి మనిషి

ఇక మిగిలింది ఓనర్! మనం కోచింగ్ అనగానే కింద పనిచేసేవాళ్ళకే అనుకుంటాం. ఈ కథలో గట్టిగా అడ్డం తిరిగింది పైనున్న ఆయనే. నేను రెండే అడిగాను. ఒకటి, ఒక్కొక్కరికీ సొంత పిన్, రెండు నిమిషాలు వాడకపోతే తెర లాక్ అయిపోవాలి. దానికి సరేనన్నారు. రెండోది, తక్కువొచ్చిన సరుకుకి విచారించకుండా జీతం కోయొద్దు. “అలా అయితే రేపట్నుంచి ఎవడికీ భయముండదు” అన్నారు.

ఆయన్నీ అదే అడిగాను, “ఇలా చేస్తే మీకు పోయేదేంటి సార్?” అని. దొంగతనం భయమని ఒప్పుకున్నారు. ఎవరి పిన్‌తో ఎప్పుడు ఏ పెట్టె తీశారో మిషన్‌లోనే ఉంటుంది, భయపెట్టాల్సిన పని దానికే వదిలేయొచ్చని చూపించాను. చట్టం సంగతి కూడా చెప్పాను. పోయిన సరుకు విలువ జీతంలోంచి పట్టుకోవాలంటే ముందు ఆ ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్న నియమం 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కాలం నుంచే ఉంది. మూడు నెలలు చూద్దామన్నారు. పూర్తిగా కరగలేదు, కానీ కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం బాబాయ్‌కి చూపించాను. రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

నేర్పడం అప్పుడు మొదలైంది. మొదటి వారం రోజుకి పది ఐటమ్‌లే అన్నాను. “మీరు మామూలుగా కళ్ళతో చూసి తీయండి. తీశాక స్కాన్ చేద్దాం. ఎవరు కరెక్టో చూద్దాం.” ఈ పోటీ ఆయనకి నచ్చింది. నాలుగు రోజులు వరసగా ఆయనే గెలిచారు, ‘చూశావా’ అన్నట్టు నావైపు చూసేవారు కూడా. ఐదో రోజు మిషన్ కీచుమంది. ఒకే కంపెనీ, ఒకే రంగు పెట్టెలు, గడువులో ఎనిమిది నెలల తేడా. రెండూ చేతుల్లో పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందకి వెళ్ళి చాలాసేపు చూశారు. నేను ఒక్క మాటా అనలేదు. సోమవారం అద్దాలు పెట్టుకొచ్చారు.

1983లో విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మద్యం మానలేనివాళ్ళతో మాట్లాడే పద్ధతి గురించి రాశారు. మనం ‘మారాలి’ అని ఎంత వాదిస్తే, అవతలి మనిషి ‘మారను’ అనే పక్షాన అంత గట్టిగా వాదిస్తాడు. వాదన వాదనతోనే బిగుస్తుంది. మారాల్సిన కారణం ఆ మనిషి నోటి నుంచే రావాలన్నది ఆయన మాట. ఆ ట్యూబ్‌లైట్ కింద నేను నోరు తెరిచి ‘చెప్పానా బాబాయ్’ అని ఉంటే వారం కష్టం గంగలో కలిసేది.

మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం మనిషి మీద కాకుండా పని మీదే మాట్లాడాను. “మీకు కొత్తది ఎక్కదు” అంటే దానికి జవాబు ఉండదు, కోపమే ఉంటుంది. “నిన్న పదకొండు ఆర్డర్లలో మూడింటికి స్కాన్ లేదు బాబాయ్, ఆ మూడూ ఏంటి?” అంటే జవాబు ఉంటుంది. నిజంగానే ఉంది. ఆ మూడూ పాత స్టాకు, వాటి మీది కోడ్‌ని మిషన్ చదవడం లేదు. మనమే స్టిక్కర్లు అంటిద్దామన్నది ఆయన ఆలోచనే.

అందరూ మారతారని చెప్పను. అదే సమయంలో మా దగ్గర ఇంకో కుర్రాడుండేవాడు. ఫోను వదలడు, రోజూ గంట ఆలస్యం, ఆర్డర్లు తారుమారు. అతన్నీ ఇలాగే కూర్చోబెట్టి అడిగాను, విన్నాను, షిఫ్టు మార్చాను, ఒప్పుకున్నవి రాసుకున్నాం. ఆరు వారాల తర్వాత కూడా అదే గంట ఆలస్యం. అతనికి పోయేదేమీ లేదు, ఆ పని అతనికి అక్కర్లేదు. మర్యాదగానే మాట్లాడుకుని పంపించాం. దొంగతనం, ఆడపిల్లలతో తేడాగా ప్రవర్తించడం లాంటివి అసలు కోచింగ్ లెక్కలోకే రావు. వాటికి వేరే దారి ఉంది, ఆలస్యం చేయకుండా ఆ దారే పట్టాలి.

బాబాయ్ ఇప్పటికీ కుర్రాళ్ళంత వేగంగా స్కాన్ చేయలేరు. అప్పుడప్పుడూ చిట్టీ మీద రాసుకుంటూనే ఉంటారు, నేనూ వద్దనను. మూడు నెలల గడువు అయిపోయినా ఓనర్ ఆ కాగితం సంగతి ఎత్తలేదు, అలాగే నడుస్తోంది. మొన్న కొత్తగా చేరిన అబ్బాయిని నేర్పమని ఆయనకే అప్పజెప్పాను. బ్యాచ్ గురించీ ఎక్స్‌పైరీ గురించీ చెప్పడానికి ముందే, వాడి చేతిలో మిషన్ పెట్టి, “టీకి వెళ్ళేటప్పుడు ఇది లాక్ చేసి వెళ్ళు” అంటున్నారు.