మెంతుల డబ్బా, పోర్టు సీసా

మనవడు పోర్చుగల్ నుంచి సీసా ఒకటి తెచ్చి ఆళ్లగడ్డలో మా వసారాలో పెట్టినాడు. "అబ్బా, ఇది పోర్టు వైను, పాతది" అన్నాడు. దాని మీద రెండు సంవత్సరాలు అచ్చేసినారు. ఒకటి ద్రాక్ష కోసిన ఏడు, రెండోది సీసాకు పట్టిన ఏడు. ఈ రకాన్ని వాళ్లు కొల్యేటా అంటారు, అంటే కోత. ఒకే ఏటి పంట, కనీసం 7 ఏళ్లు కొయ్యపీపాలో మగ్గాల.

నాకు వెంటనే పాత బియ్యం గుర్తుకొచ్చినాయి. కేసీ కాలువ కింద పండిన సోనాను కొత్తలో వండితే ముద్దముద్ద. సంచిలో ఏడాది ఉంటే గింజలోని ప్రొటీన్లు గాలికి ఒకదానికొకటి గట్టిగా ముడిపడతాయి. అప్పుడు గింజ నీళ్లు ఎక్కువ తాగుతుంది, గంజి తక్కువ వదుల్తుంది, బువ్వ పొడిపొడిగా వస్తుంది. ఒకసారి నంద్యాలలో ఒక అంగడాయన రెండేళ్ల బియ్యమని పాతా కొత్తా కలిపి ఇచ్చినాడు. కుండలో సగం గుజ్జు, సగం పలుకు. వాడి జేజి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది!

పోర్టులోనూ కలుపుతార్లే, కానీ చెప్పి కలుపుతారు. 20 ఏళ్ల టానీ అంటే వేర్వేరు ఏళ్లవి రుచి చూసి కూర్చిన మిశ్రమం. అదీ పనితనమే. నాకు మాత్రం పుట్టిన ఏడు చెప్పుకునేదే నచ్చుతుంది.

పోర్చుగల్‌లోని దూరో లోయలో ద్రాక్షరసం పులుస్తుండగానే 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారాయి పోస్తారు. ఈస్టు చచ్చిపోతుంది, తినకుండా వదిలిన తీపి అట్లే మిగుల్తుంది. తర్వాత సుమారు 550 లీటర్ల పీపాల్లోకి పోతుంది. కొయ్య సందుల్లోంచి గాలి కొంచెం కొంచెం లోపలికి, ఆవిరి బయటికి. ఎర్రరంగు వగరుతో కలిసి మడ్డిగా అడుక్కు దిగుతుంది. నేరేడు రంగు పోయి ఇటుక రంగు, ఇంకా ఆగితే తేనె రంగు.

ఇప్పుడు అసలు తమాషా. జేజి మెంతుల డబ్బా మూత తీసి వాసన చూడు. ఆ వాసనకు మూలమైన పదార్థం సోటలాన్. పీపాలో పోర్టు ముదిరే కొద్దీ ఇదే పెరుగుతుంది. అక్రోటు, అంజీరు, కాల్చిన చక్కెర వాసనల మధ్య మెంతులు తొంగిచూస్తాయన్నమాట.

సీసాలోకి దిగినాక ఈ పోర్టు పెద్దగా మారదు, దాచిపెట్టి లాభం లేదు. కొంచెం చల్లగా, చిన్న గ్లాసులో, గుటక గుటకగా తాగాల. మన ఎండాకాలమైతే ఫ్రిజ్జే గతి. పీపాలో ఏళ్ల తరబడి గాలికి అలవాటుపడింది గనక, మూత తీసినా చల్లగా ఉంచితే కొన్ని వారాలు చెడదు. ఘాటు సుమారు 20 శాతం ఉంటుంది, వైనే కదా అని గ్లాసు నింపొద్దు.

సీసా మూత తీసి జేజి ముక్కు దగ్గర పెడితే, ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పొయ్యి మీద మెంతులు మాడుతున్నాయేమో చూడండ్రా" అంది.