రేడాన్ వాయువు – గృహపరీక్ష

మన పాఠశాలయందు చదివి, ఇప్పుడు అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమందు ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు అచ్చట నొక యిల్లు కొనబూనెను. కొనుటకు ముందు ఆ యింట రేడాన్ పరీక్ష చేయించుచున్నానని అతడు తన తల్లికి తెలిపెను. ఆమె కలతపడి, “అయ్యా, ఆ యింటిలో విషవాయువున్నదా?” అని మమ్మడిగెను. ఆమెకు మేము చెప్పిన సమాధానము విద్యార్థులకును ఉపయోగపడునని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

భూమియందలి రాళ్లలోను మంటిలోను యురేనియము స్వల్పముగా నుండును. అది క్రమక్రమముగా క్షీణించి రేడియముగాను, రేడియము రేడాన్ అను వాయువుగాను మారును. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆరుబయట గాలిలో గలిసి పలుచనైపోవును. ఇంటిలోనైతే నేల పగుళ్లగుండను, గొట్టముల చుట్టునున్న సందులగుండను ప్రవేశించి నిలిచిపోవును. శీతలదేశములందు తలుపులు, కిటికీలు మూసి యింటిని వెచ్చజేసికొందురు. వెచ్చని గాలి పైకి పోగా, ఇల్లు క్రింది నేలనుండి గాలిని లోనికి లాగికొనును. అందుచేత నేలమాళిగలలో రేడాన్ అధికముగా నుండును. రేడాన్ నుండి పుట్టు రేణువులు ఊపిరితిత్తులలో జేరి, అనేక సంవత్సరములకు క్యాన్సరు వ్యాధిని కలిగింపవచ్చును. దీనివలన అమెరికాలో ఏటేట సుమారు 21,000 మంది మరణించుచున్నారని అచ్చటి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. పొగ త్రాగువారికి అపాయము మఱింత హెచ్చు.

ఇండ్లలోని యీ యపాయము లోకమునకు బాగుగా తెలిసినది ఆ పెన్సిల్వేనియాలోనే. 1984వ సంవత్సరమున లిమరిక్ అణువిద్యుత్కేంద్రమున పనిచేయు ఇంజనీరొకడు ద్వారముకడ నిలువగానే, దేహముపై రేడియోధార్మిక ధూళిని కనిపెట్టు యంత్రము మ్రోగజొచ్చెను. ఒకనాడు పనికి లోపలికి పోవునపుడే అది మ్రోగెను. అనగా ఆ ధూళి కేంద్రమునుండి అంటినది కాదు, ఇంటినుండి వచ్చినది! ఆ యింటిని పరీక్షింపగా లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ కనబడెను. ఆ దేశమున 4 పికోక్యూరీలున్నను ఇల్లు బాగుచేయించుకొనుడని చెప్పుదురు. ఆ కుటుంబము ఇల్లు విడిచి, బాగుచేసిన పిమ్మట తిరిగివచ్చెను.

పరీక్ష కష్టమైనది కాదు. బొగ్గు నింపిన చిన్న డబ్బీని, మనుష్యులు మసలు అన్నిటికంటె క్రింది అంతస్తున, నేలకు 20 అంగుళములకు తక్కువ గాని యెత్తున ఉంచవలెను. వంటగదిలోను స్నానపుగదిలోను ఉంచరాదు. డబ్బీ తెరచుటకు 12 గంటల ముందునుండి పరీక్ష ముగియువఱకు, రాకపోకలకు దప్ప తలుపులు, కిటికీలు మూసియుంచవలెను. డబ్బీ రకమునుబట్టి 2 మొదలు 7 దినముల పిదప దానిని మూసి, వెంటనే ప్రయోగశాలకు పంపవలెను. రేడాన్ దినదినమునకు, ఋతువు ఋతువునకు మారుచుండును గనుక 90 దినములకు మించి యుంచు పరికరములును గలవు. పరీక్షనాడు కిటికీలు తెరచి తక్కువ సంఖ్య రాబట్టుట, ప్రక్కవాని పలకలో చూచి లెక్క వ్రాసికొనుట వంటిదే. మోసపోవువాడు తానే.

పొరుగింట లేదని మనయింట లేదనుకొనరాదు. ప్రక్కప్రక్కనున్న యిండ్లలోనే సంఖ్యలు వేఱుగా నుండవచ్చును. మన కడప ప్రాంతమున తుమ్మలపల్లెయందు యురేనియపు గని గలదు. అంతమాత్రమున అచ్చటి ప్రతి యింటను రేడాన్ హెచ్చనియు, దూరపు ఊళ్లలో లేదనియు కొలువక చెప్పరాదు. కిటికీలు తెరచి గాలి యాడనిచ్చు మన పాత యలవాటు మాత్రము మేలైనదే.

ఆ విద్యార్థి కొనదలచిన యింట 6 పికోక్యూరీలు తేలినవి. ఇల్లమ్మువారు నేలక్రిందికి గొట్టము దింపి, పంకా అమర్చి, ఆ గాలిని కప్పుపైకి పోవునట్లు చేయించిరి. మరల పరీక్షింపగా 2 పికోక్యూరీలకు లోపుగా వచ్చెను. అటుపిమ్మటనే అతడు ఇల్లు కొనెను. ఈ సంగతి చెప్పుటకు ఆ తల్లి మరల మాయొద్దకు వచ్చి, “కొలిపించుట మంచిదైనదండీ” అనెను. మేమును అదియే చెప్పుచున్నాము.