ముడుచుకొన్న మనస్సు – మూడు భాషల నుడికారము

మనస్సు నొచ్చిన మానవుడు రెండు విధముల ప్రవర్తించును. ఎదుటివారినుండి తొలగిపోవును, లేదా తన్ను కాచుకొనుటకై ఎదురు నిలుచును. ఈ స్వభావము అన్ని జాతులకును సమానమే. దానిని తెలుపు నుడికారము మాత్రము భాషభాషకును వేరు.

నాందేడు జిల్లాలోని ముఖేడు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. నాడు బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రమున నున్నది. ఇచ్చటి తెలుగింటి బాలునకు ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, పుస్తకమున ఇంగ్లీషు. కావున ఈ మూడింటి పలుకుబడులను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుట ప్రయోజనకరము.

ఇంగ్లీషువారు మౌనముగా తొలగినవానిని తన గుల్లలోనికి పోయినాడందురు. నోరు మెదపనివానిని ఆల్చిప్పతో పోల్చుదురు. వెనుకంజ వేసినవాడు కొమ్ములు లోనికి లాగుకొన్న నత్త. చిఱ్ఱెత్తి ఎదురు నిలిచినవానికి పిల్లివలె వీపు లేచినదందురు. సమాధానమీయక అడ్డుపడుట రాతిగోడ. ఈ ఉపమానములలో పెక్కింటికి ఆత్మరక్షణమే మూలము.

పరిచితుని పలుకరింపక త్రోసిపుచ్చుటను 'కోల్డ్ షోల్డర్' చూపుట యందురు. వాల్టర్ స్కాటు 1816లో ప్రకటించిన 'ది యాంటిక్వెరీ' నవలలో ఈ పలుకుబడి స్కాట్లండు మాండలిక రూపమున కానవచ్చును. దీనిని 'చల్లని భుజము' అని తెనిగించినచో అర్థము నశించును. తెలుగున 'పెడమొగము పెట్టుట', మరాఠీలో 'తోండ ఫిరవణే' దీనికి సరిపోవును.

తెలుగు నుడికారము ఈ విషయమున ముఖమును ఎక్కువగా ఆశ్రయించినది. మూతి ముడుచుట, ముఖము మాడ్చుకొనుట, పెదవి విప్పకుండుట మొదలగునవి ఇట్టివి. ముభావముగా నున్నవాడు మనసులోనిది బయట పెట్టడు. అంటీముట్టనట్లున్నవాడు కలహింపడు, కలియడు. మరాఠీలో 'మూగ గిళణే' యనగా పెసలు మ్రింగుట. చెప్పవలసినచోట ఊరకుండుట దాని భావము.

ఇక తన్ను కాచుకొను స్వభావమునకు తెలుగున ప్రసిద్ధమైన సామెత గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడవి చూచుకొనుట. కాయ మోసినవాని భుజమున బూడిద అంటియుండునని దాని తాత్పర్యము. మరాఠీవారు 'చోరాచ్యా మనాత చాందణే' యందురు; దొంగ మనస్సులో వెన్నెల యని అర్థము. ఈ రెండును దోషియైనవానిని గూర్చినవి. ఇంగ్లీషు పిల్లి వీపునకు దోషముతో పనిలేదు. నిరపరాధికిని వీపు లేవవచ్చును. కావున అకారణముగా నిందింపబడి తొట్రుపడిన బాలుని గూర్చి గుమ్మడికాయల సామెత పలుకుట విచారణ లేక తీర్పు చెప్పుటయే యగును. పెద్దలు ఈ భేదమును గమనింపవలెను.

ఇంగ్లీషు గుల్లకు దొరకని భావము మన అలుకయందు కలదు. రామాయణమున కైక కోపగృహము ప్రవేశించినది. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ అలుకయే కథకు ప్రాణము. పెండ్లిండ్లలో అల్లుడు అలుకపాన్పు ఎక్కుట, అత్తమామలు కానుకలిచ్చి దింపుట ఆచారము. అలుక యనగానే 'తీర్చుట' యను క్రియ వెంట వచ్చును. మరాఠీ 'రుసవా'కు తోడుగా బుజ్జగించుటను తెలుపు 'సమజూత కాఢణే' యున్నట్లే, ఇచ్చటను మనిషి తొలగుట మరియొకరు వచ్చి పిలుచుటకే.

గుల్లలోనివాడు ఒంటరితనము కోరును. అలిగినవాడు తనవారి రాకకై ఎదురుచూచును. అనువదించువాడు ముందుగా ఈ రెంటిలో నేదియో తేల్చుకొనవలెను. తెలుగింటి పిల్లలు 'అలుక' యను మాటను మరచినచో, మౌనముగా మూల కూర్చున్న తోబుట్టువును పిలువవలసిన బాధ్యతను గుర్తుచేయు మాటయు వారికి కొరవడును.