పగుళ్ల రాతిలో వేడి, నీరు, ప్రతిబలం: భూతాప జలాశయాలకు సంయుక్త నమూనా

దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టివేసిన వేసవిలో గోదావరి డెల్టా బంకనేలలు నెర్రెలు బారుతాయి. తిరిగి కాలువలకు నీరు వదిలినప్పుడు తొలి తడి మడి అంతటా పరచుకోదు. నెర్రెల వెంట లోతుకు దిగిపోతుంది. మన్ను ఉబ్బినకొద్దీ నెర్రెలు పూడి, నీటి నడక మందగిస్తుంది. అంటే నీరు నేలను మారుస్తుంది, మారిన నేల నీటి దారిని మారుస్తుంది. ఈ పరస్పర చర్యకు ఉష్ణోగ్రతను కూడా జోడిస్తే పగుళ్లున్న భూతాప జలాశయాల సమస్య మన ముందు నిలుస్తుంది.

ఇది మన నదీలోయకు సంబంధించిన విషయమే. డెల్టాకు ఎగువన, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో భూగర్భం నుంచి వేడినీరు ఉబికి వస్తుంది. అక్కడి పగిడేరు వద్ద సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. విద్యుదుత్పత్తికి చాలని తక్కువ వేడి కూడా ధాన్యం, మిరప ఆరబెట్టడానికి సరిపోతుంది. విత్తన ధాన్యానికి ఆరబెట్టే గాలి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ మించకూడదు. అయితే అటువంటి వేడి ఎన్నేళ్లు నిలుస్తుంది? వాడిన నీటిని బయట వదిలితే భూగర్భ పీడనం తగ్గుతుంది. తిరిగి లోపలికి పంపితే రాయి చల్లబడుతుంది. ఏది ఎంత మేలో లెక్కించేందుకే నమూనా.

ఈ నమూనాలో మూడు సమీకరణాలను కలిపి సాధించాలి. మొదటిది ఉష్ణ సమతుల్యత: రాతిలో వేడి వహనం ద్వారా, పగుళ్లలో నీటితోపాటు ప్రయాణిస్తుంది. రెండవది నీటి ద్రవ్యరాశి సమతుల్యత. దీనికి మనకు పరిచితమైన డార్సీ సూత్రమే ఆధారం. మూడవది బలాల సమతుల్యత. ఇందులో టెర్జాఘీ ప్రతిపాదించిన ప్రభావక ప్రతిబలం కీలకం: పగులులో నీటి పీడనం పెరిగితే రెండు రాతి ముఖాలను అదిమిపట్టే బలం తగ్గుతుంది.

మూడింటినీ ముడివేసేది పగులు వెడల్పు. నునుపైన పగులులో ప్రవాహం వెడల్పు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు నీరు, రాయి 90 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చల్లబడ్డాయనుకుందాం. నీటి స్నిగ్ధత సుమారు రెట్టింపవుతుంది. ఈ ఒక్క కారణంతో ప్రవాహం సగానికి తగ్గాలి. కానీ వ్యాకోచ గుణకం డిగ్రీకి లక్షవ వంతు ఉన్న రాయి, స్వేచ్ఛగా కుంచించుకోగలిగితే, మీటరుకు 0.5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చుట్టూ ఉన్న రాయి కొంత అడ్డుకున్నా, 0.2 మిల్లీమీటర్ల పగులు 0.4 మిల్లీమీటర్లకు విచ్చుకుంటే ప్రవాహం 8 రెట్లవుతుంది. స్నిగ్ధత ప్రభావం పోగా నికరంగా 4 రెట్లు. స్నిగ్ధతను మాత్రమే లెక్కించినవారు ప్రవాహం తగ్గుతుందని చెబుతారు. జరిగేది దానికి విరుద్ధం.

పర్యవసానం స్పష్టం. చల్లని నీరు విచ్చుకున్న ఒకే పగులును పట్టుకొని ఉత్పత్తి బావిని త్వరగా చేరుతుంది. పక్కనున్న రాతిలో వేడి వాడబడకుండా మిగిలిపోతుంది. అధిక పీడనంతో నీటిని ఎక్కిస్తే భ్రంశాలు జారే ప్రమాదమూ ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006లో 3.4, దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017లో సుమారు 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపాలు భూతాప ప్రాజెక్టులతో ముడిపడినవే.

భూతాప ఆరబెట్టు కేంద్రాల ప్రతిపాదన మన ముందుకు వచ్చినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు అడగవలసిన ప్రశ్నలు మూడు. పగుళ్ల వెడల్పును స్థిరమని భావించారా, మారుతుందని భావించారా? రెండు బావుల మధ్య ట్రేసర్ పరీక్ష జరిపి నమూనాను సరిచూశారా? వాడిన నీరు ఎక్కడికి పోతుంది? వీటికి సమాధానం లేకుండా వేడి ఇన్నేళ్లు వస్తుందని రైతుకు మాట ఇవ్వడం, నెర్రెలు చూడకుండా మడికి నీటి లెక్క కట్టడం వంటిదే.