‘హ్యావ్’ ఎక్కడ పెట్టాలి వదినా?

హన్మకొండలో పక్కింటామె గోడ మీంచి “తిన్నవా వదినా?” అని అడిగితే “తిన్న” అని ఒక్క మాటతో సరిపెడతాం. ఇప్పుడే తిన్నా, ఎప్పుడో పదింటికి తిన్నా అదే మాట. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. ఎప్పుడు తిన్నదీ చెప్పకుండా, తినడం అయిపోయిందని మాత్రం చెప్పాలంటే “ఐ హ్యావ్ ఈటెన్”. పదింటికి అని వేళ చెప్పారో, ‘హ్యావ్’ ఎగిరిపోతుంది: “ఐ ఏట్ ఎట్ టెన్”. మొదటిదాన్నే పిల్లల పుస్తకాల్లో ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్ అంటారు.

ఇదంతా మనకెందుకు అంటారా? తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. హోంవర్కు వచ్చి ఆగేది వంటింటి గడప దగ్గరే కదా! తెలుగు మీడియంలో చదువుకున్న తల్లి పుస్తకం చూసి “నాన్న వచ్చినంక అడుగు” అనేస్తుంది. ఆమెకు తెలివి తక్కువై కాదు, మాటల వరస తిరగబడడం వల్ల.

“పిల్లి పాలు తాగేసింది” అన్నా, “పాలు పిల్లి తాగేసింది” అన్నా మనకు దొంగ పిల్లే. ఇంగ్లీషులో “ద క్యాట్ హ్యాజ్ డ్రంక్ ద మిల్క్” అనాలి. పిల్లినీ పాలనూ అటూ ఇటూ మార్చారో, పాలే పిల్లిని తాగేస్తాయి! ముందు పని చేసినవాళ్ళు, వెంటనే హ్యావ్ లేదా హ్యాజ్, తర్వాత క్రియ మూడో రూపం, ఆఖర్న మిగతావి. ఐ, యూ, వి, దే అయితే హ్యావ్. అతను, ఆమె, అది అయితే హ్యాజ్. మూడో రూపాలు మాత్రం ఎక్కాల్లాగా నోటికి రావాల్సిందే: ఈట్-ఏట్-ఈటెన్, సీ-సా-సీన్, గో-వెంట్-గాన్.

పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక్కో మాట రాసి పీట మీద పరవండి. “ఐ - హ్యావ్ - వాష్డ్ - ద క్లోత్స్.” ఉతకలేదా? ‘నాట్’ చీటీని హ్యావ్ పక్కన దూర్చండి. ‘జస్ట్’, ‘ఆల్‌రెడీ’, ‘నెవర్’ కూడా ఆ సందులోకే వెళ్తాయి. ‘యెట్’ ఒక్కటి మాత్రం చివర కూర్చుంటుంది: “ద గ్యాస్ హ్యాజ్ నాట్ కమ్ యెట్.” ప్రశ్న అడగాలంటే హ్యావ్‌ని ఎత్తి ముందుకు తెస్తే సరి: “హ్యావ్ యూ ఎవర్ సీన్ రామప్ప టెంపుల్?” జవాబులో “చూశాను” అంటే “ఎస్, ఐ హ్యావ్.” “పోయిన ఏడు చూశాను” అంటే మాత్రం “ఐ సా ఇట్ లాస్ట్ ఇయర్.” నిన్న, మొన్న, పోయిన ఏడు అన్న మాటలుంటే హ్యావ్ వద్దు. మన వాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇంకో చిక్కు ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళతో మీవారి గురించి “హి హ్యాజ్ గాన్ టు హైదరాబాద్” అంటే ఇంకా తిరిగి రాలేదని అర్థం. “హి హ్యాజ్ బీన్ టు హైదరాబాద్” అంటే వెళ్ళి వచ్చేశారని. ఆయన లోపల పడుకుని ఉండగా ‘గాన్’ అన్నారో, వచ్చినవాళ్ళు అటునుంచి అటే వెళ్ళిపోతారు!

ఇంగ్లీషు మీడియంతో పాటే ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అచ్చువేశారు. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే తెలుగు పేజీలో “చేసింది”, “వచ్చాడు” ఉన్నచోట వేలు పెట్టి, ఎదుటి పేజీలో హ్యాజ్ ఉందో లేదో పాపతో కలిసి వెతకండి. కూర ఉడికేలోగా నాలుగు వాక్యాలు దొరికినా చాలు.

ఈ రాత్రికి ఈ చీటీలు పరచి చూడండి: బాయిల్డ్, హ్యాజ్, ద మిల్క్, ఆల్‌రెడీ, అమ్మ. ‘అమ్మ’తో మొదలుపెట్టండి.